పేరు చెప్పని రంది

ఖానాపూర్
15 డిసెంబర్ 2024

సిబ్బీ,

ప్రభువు పేరు మీద నీకు వందనాలు, నా పేరు మీద రెండు మొట్టికాయలు. పోయిన ఐతారం ఫోన్ల ఏడ్చినవట, గందుకు.

మీ నర్సింగు హాస్టల్ల ఫోన్లు గుంజుకొని వారానికొక్కపారి చేతికిస్తరు. గప్పుడు సుత వార్డెనమ్మ పక్కపొంటి నిలబడి ఇంటది. ఈడ నా కోడలు, నిన్ను కన్న మీ అవ్వ మగ్దలేనమ్మ, ఊరంత ఇనేటట్టు స్పీకర్ పెడుతది. గిద్దరి నడుమ తాత మనుమరాలు ఏం మాట్లాడుకుంటరు? గందుకే ఉత్తరం. పక్కింటి కొమురవ్వను పంపి కవర్లు తెప్పిచ్చిన. పోస్టాయన "ఇంక రాసెటోళ్లు ఉన్నరా" అని దుమ్ము దులిపి ఇచ్చిండట. అయిదో తరగతిల సారు కొడితే బడి ఇడిసినోన్ని, తప్పులు మస్తుంటయ్. నువ్వు నర్సమ్మవు, పంతులమ్మవు కాదు, దిద్దకు.

ఇగ అసలు ముచ్చట. మీ అవ్వ చెప్తే నేనేదో విమానంల నుంచి పడ్డట్టు ఉంటది, నేను చెప్త ఇను. క్రిస్మస్‌కు గుడి మీద నక్షత్రం కట్టుడు నా పని. పడుచుతనం నుంచి నేనే కడుతున్న. ఈ ఏడు పాస్టరయ్య "వద్దు తాతా, పోరగాండ్లు కడుతరు" అన్నడు. పోరగాండ్లు కడితే నక్షత్రం బెత్లెహేము దిక్కు కాదు, బస్టాండు దిక్కు చూస్తది. నిచ్చెన ఎక్కిన. కట్టిన. నక్షత్రం మీద ఉన్నది, నేను కింద ఉన్న. గంతే జరిగింది.

నిర్మల్ల డాక్టరు ఫోటో తీసి, తుంటి బొక్క ఇరిగింది, ఆపరేషన్ చేస్తెనే లేస్తవు అన్నడు. నేను వద్దన్న. ఇంటికొచ్చి మన భూమన్నతోని కట్టు కట్టిచ్చుకున్న. వెదురు బద్దలు, గుడ్డు సొన, మినపపిండి. ఇప్పుడు నా కాలు గారె లెక్క వాసన కొడుతున్నది. కుక్కలు వచ్చి వాకిట్ల కూసుంటున్నయ్.

నువ్వు రంది పెట్టుకోకు. నా రందంత ప్రభువు మీద ఏసిన. గాయన మోస్తడు, గాయన భుజాలు గట్టియి.

ఇట్లు,
గారె కాలు తాత
తోమాసు


కరీంనగర్
21 డిసెంబర్ 2024

తాతా,

వందనాలు. నా పేరు హెప్సిబా. సిబ్బి అన్నం వార్చేటిది. నీ కవరు మీద "సిబ్బికి చేరవలెను" అని రాసినవ్, వార్డెనమ్మ మెస్సుల ఇచ్చింది. మెస్సు అక్క తీసుకొని, గిన్నెలకు ఉత్తరాలెప్పటిసంది వస్తున్నయని నవ్వింది. నేను సుత నవ్విన. నవ్వినంక బాత్రూంల నల్ల ఇప్పి ఏడ్చిన.

తాతా, నేను రెండో ఏడు చదువుతున్న, నాకేం తెల్వదనుకోకు. తుంటి బొక్క కట్టుతోని అతుకది. అతుకకపోతే పోయిందనుకుందాం, మంచంల పండుకునుడే పెద్ద రోగం. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరుతయ్, ఈపు మీద పుండ్లు పడుతయ్. ఆపరేషన్ చేసేది కాలు కోసం కాదు, మనిషిని లేపి కూసోబెట్టుడు కోసం. నిర్మల్ వద్దంటే ఇక్కడికి రా. మా దవాఖానల ఎముకల డాక్టరు మంచిగ చూస్తడు. నేనుంట.

క్రిస్మస్‌కు సెలవు ఇయ్యలే. డ్యూటీలు ఉన్నయన్నరు. కిటికీలకెళ్లి చూస్తే గేటు, గేటు మీద వాచ్‌మన్, వాచ్‌మన్ మీద చలికోటు. గంతే కనవడ్తది.

ఇంకొక్కటి. నాకోసం ఒక్క ప్రార్థన చెయ్యి తాతా. ఏందని అడగకు. అవ్వకు చెప్పకు. నాకు అన్నం పోతలేదు, పుస్తకం పట్టుకుంటే అచ్చరాలు కనవడ్తలేవు. గంతకంటె ఎక్కువ రాయలేను.

నీ
హెప్సిబా


ఖానాపూర్
28 డిసెంబర్ 2024

సిబ్బీ తల్లీ,

గిన్నెలకు సుత ప్రభువు సమాధానం దొరుకుగాక.

క్రిస్మస్ మంచంల పండుకొని చేసుకున్న. గుడి గంట ఇన్న. గంట కొట్టినోడు ఎవడో గని బర్రె మెడల గంట లెక్క కొట్టిండు. నా నక్షత్రం చూడరాదని రెండు కండ్లు పీకుతున్నయ్. నా మంచం కాడికెళ్లి ఏం కనవడ్తదో ఎర్కేనా? గోడ. గోడ మీద బల్లి. బల్లికి మీ వార్డెనమ్మ పేరు పెట్టిన. ఎప్పుడు చూసినా నా దిక్కే చూస్తది, కదలదు, మాట్లాడదు.

మీ బాపు మస్కట్ కెళ్లి ఫోన్ చేసి "బాపూ, ఆపరేషన్ చేసుకో" అని బతిలాడిండు. కొమురవ్వ చెప్పింది, పాస్టరయ్య చెప్పిండు. ఇప్పుడు నువ్వు. కొమురవ్వ మేక ఒక్కటే చెప్పలే, గది సుత నన్ను చూసి మొఖం అదోలెక్క పెడుతున్నది. అందరికీ ఒక్కటే జవాబు: ప్రభువు ఉన్నడు. పక్షులు విత్తనం ఏస్తయా, కోత కోస్తయా? గాటిని సాకేటోడు నన్ను సాకడా?

ఇగ నీ ప్రార్థన సంగతి. అడగకు అన్నవ్, అడగ. ఊకె ఒక మాట అంట. అన్నం పోతలేదు, అచ్చరాలు కనవడ్తలేవు, అవ్వకు చెప్పకు. గీ రోగం నాకు తెల్వదా? మీ నానమ్మ రూతమ్మను చూసినంక నాకు గిదే వచ్చింది. ఎవడు పోరడు? డాక్టరా, కంపౌండరా? బాప్తిస్మం అయిందా? మీసం ఉన్నదా? మీసం లేనోన్ని మన ఇంట్లకు రానియ్య. చెప్పు, మీ అవ్వను నేను మెల్లగ దారికి తెస్త.

ఇట్లు,
బల్లి ముందట బందీ అయిన మీ తాత
తోమాసు


కరీంనగర్
6 జనవరి 2025

తాతా,

పోరడు లేడు! మీసమోడు లేడు, మీసం లేనోడు లేడు. ప్రమాణం చెయ్యద్దని వాక్యంల ఉన్నది గాబట్టి చేస్తలేను, నమ్ము.

నువ్వు ఊకె ప్రభువు మీద ఏసిన అంటున్నవ్. తాతా, చింతను ఆయన మీద ఏయుమన్నరు గని, ఇరిగిన కాలును ఏయుమనలే. పక్షులను సాకుతడు, నిజమే. గని గూట్లకు తెచ్చి నోట్ల పెట్టడు, పక్షి లేచి ఎగరాలె. నువ్వు లేస్తలేవు.

ఇక్కడ నా సంగతి ఏం బాగలేదు. మగోళ్ల ఎముకల వార్డుల నా డ్యూటీ పడ్డప్పుడల్ల నవనీతతోని మార్చుకుంటున్న. నవనీత నా రూంల ఉంటది, మంచి పిల్ల. ఏం అడగది, పోతది. గని మార్చిల ప్రాక్టికల్ పరీక్ష మగోళ్ల వార్డులనే. గప్పుడు ఎవరితోని మార్చుకోను? వార్డు తలుపు దాక పోత, కాళ్లు ఆగిపోతయ్. హాస్టలుకు వస్తే గేటు ఏస్తరు. పండుకుంటే నీ మంచం కనవడ్తది. యాడికీ పోరాదు.

ఆపరేషన్‌కు ఒప్పుకో తాతా. నువ్వు ఒప్పుకుంటే నా రంది సగం పోతది. మిగిలిన సగం కోసం ప్రార్థన చెయ్యి.

హెప్సిబా


ఖానాపూర్
16 జనవరి 2025

నా పక్షి పిల్లా,

నాకు వాక్యం చెప్పేటంత పెద్దదానివైనవ్, సంతోషం. పాస్టరయ్యకు నీ ఉత్తరంల ముక్క చదివి ఇనిపిచ్చిన, ఆయన వచ్చే ఐతారం ప్రసంగంల వాడుకుంట అన్నడు. నీ పేరు చెప్పడు, దొంగ.

ఆపరేషన్ ముచ్చట తర్వాత. ముందుగాల నేను చేసిన తెలివిపని ఇను.

నేను గుడికి పోరాదని బుధవారం కుటుంబ ప్రార్థన మా ఇంట్లనే పెట్టిండ్రు. చాపలు పరిచి, శెనగ గుడాలు ఉడకబెట్టి, నా మంచం చుట్టూత కూసున్నరు. నన్ను పాడె మీద పెట్టినట్టే అనిపిచ్చింది, గని గుడాలు బాగున్నయ్. పాట అయినంక ఎప్పటి లెక్కనే విన్నపాలు అడిగిండు పాస్టరయ్య. ఒకామె బిడ్డ కాన్పు కోసం, ఒకాయన పత్తి ధర కోసం చెప్పిండ్రు. కొమురవ్వ మన సంఘం మనిషి కాదు గని గుడాల కోసం వస్తది, మేక కోసం చెప్పింది. నేనొక్కన్నే ప్రార్థన చేస్తే ప్రభువుకు ఇనవడ్తదో లేదో, నా గొంతు ఇని ఆయనకు ఇసుగు పుట్టింది. అందరు కలిసి అడిగితే బలం ఉంటది. అట్లని నీ పేరు చెప్తనా? నేను అంత ఎడ్డోన్నా?

"పేరు చెప్ప. మన సంఘంల ఒక ఆడపిల్ల, దూరంగ హాస్టల్ల ఉండి చదువుకుంటున్నది. అవ్వకు సుత చెప్పుకోలేని బాధల ఉన్నది. తిండి పోతలేదు. ప్రార్థన చేయిండ్రి" అన్న.

గంతే. ఒక్క మాట ఎక్కువ అనలే. అందరు కండ్లు మూసుకున్నరు. కొమురవ్వ ఒక్కటే కండ్లు తెరిచి మీ అవ్వ దిక్కు చూసింది. మీ అవ్వ గుడాల గిన్నె పట్టుకొని లోపటికి పోయింది, మల్ల బయటికి రాలే. తలకాయ నొచ్చిందేమో.

మన సంఘంల దూరంగ చదివే ఆడపిల్లలు మస్తుమంది ఉండొచ్చు. ఎవరని ఎట్ల తెలుస్తది?

ఇట్లు,
రహస్యాలకు తాళంకప్ప
తోమాసు తాత


కరీంనగర్
27 జనవరి 2025

తాతా,

మన సంఘంల దూరంగ హాస్టల్ల ఉండి చదివే ఆడపిల్ల నేనొక్కదాన్నే. నువ్వు లెక్క పెట్టుకోలేదా?

అవ్వ వచ్చింది. బస్సు దిగి ఇంత నీళ్లు తాగకుండ హాస్టలుకు వచ్చి, అందరి ముందట నా కడుపు దిక్కు చూసింది. తాతా, నా కడుపు దిక్కు చూసింది. "ఎవడు" అని అడిగింది. లేడంటే నమ్మలే. "మీ తాత బుధవారం ప్రార్థనల అబద్ధం చెప్తడా" అన్నది. వార్డెనమ్మ నా పెట్టె ఇప్పి బట్టలన్ని కింద పోసింది. ఇప్పుడు ఐతారం ఫోన్ సుత బంద్. దవాఖానకు పోతే ఒక ఆయా ఎంబడి వస్తది, అక్కడికెళ్లి తెస్తది.

ఇచ్చోడల తిమోతి అని ఒకాయన ఉన్నడని కొమురవ్వ అవ్వకు చెప్పిందట. గుడిల గిటారు వాయిస్తడట. పరీక్షలు అయినంక పెండ్లిచూపులట. చదువు సాలు అన్నది అవ్వ. పరీక్ష రాయకున్నా పర్వాలేదన్నది.

ముందుగాల వార్డు తలుపు ఒక్కటే మూసి ఉండె. నువ్వు అన్ని తలుపులు మూసినవ్. నువ్వు నవ్విచ్చుడు కోసం చేస్తవ్, అందరు నవ్వుతరు, తర్వాత దెబ్బ తగిలేది వేరేటోళ్లకు. ఇగ ఉత్తరం రాయకు.

హెప్సిబా


ఖానాపూర్
1 ఫిబ్రవరి 2025

హెప్సిబా,

రాయకు అన్నవ్. రాస్తున్న. కోపమొస్తే చింపెయ్, గని చదివి చింపు.

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్న. నవ్వు రాలే. మీ అవ్వను పిలిచి "నా మనుమరాలు బంగారం, నేను నోరుజారిన" అని చెప్పిన. "నువ్వు ఆమెను ఎన్కేసుకొస్తున్నవ్ మామా" అన్నది. జిందగీ మొత్తం పరాచికాలాడినోడు ఒక్కనాడు నిజం చెప్తే ఎవరు నమ్ముతరు? పాస్టరయ్య ఇంటికి పోయి చెప్పిద్దామనుకున్న. మంచం కాడికెళ్లి వాకిలి దాక పోతేనే కదా. లేవబోయిన. కట్టు కాలు నా మాట ఇనలే. మంచం కిందికి జారి, అక్కడనే పడి ఉన్న. కొమురవ్వ మేకను ఎతుక్కుంట వచ్చి చూసి, ఇద్దరు ఆడోళ్లను పిలిచి ఎత్తి పండబెట్టింది. నన్ను తిట్టలే. కొమురవ్వ తిట్టలేదంటే నాకు బుగులైంది.

ఈపు మీద మంట పుడుతున్నది. దగ్గొస్తున్నది. గది నీకు చెప్పద్దనుకున్న.

పోరడు లేడంటున్నవ్, నమ్మిన. మరి ఏందో చెప్పు బిడ్డా. ప్రార్థనల చెప్ప, బల్లికి సుత చెప్ప. నవ్వ.

తాత


కరీంనగర్
7 ఫిబ్రవరి 2025

తాతా,

కోపం పోలే. గని నువ్వు కింద పడ్డవని చదివి రాయకుండ ఉండలేకపోయిన. చెప్త ఇను.

డిసెంబర్ల మగోళ్ల వార్డుల పర్శరాములు అని ఒక తాత ఉండె. ఆసిఫాబాద్ దిక్కు ఊరు. ఎడ్లబండి మీదికెళ్లి పడ్డడు, తుంటి బొక్క. ఇంట్ల కట్టు కట్టి శానా దినాలు పండబెట్టిండ్రు. ఇక్కడికి తెచ్చేటాళ్లకు ఊపిరి ఆడుతలేదు, ఆపరేషన్ చేసే వీలు లేకుండె. గని నోరు మాత్రం నీ లెక్కనే. నన్ను "ఓ తెల్లచీర డాక్టరమ్మా" అని పిలుస్తుండె. నేను చీర కట్టలే అంటే, "నా కండ్లకు అన్ని చీరలే" అంటుండె. ఒకరోజు పొద్దుగాల మెత్త సరిచేస్తుంటే, ఏదో పరాచికం చెప్పుకుంట మధ్యల ఆపిండు. నేను నవ్వుదామని ఎదురుచూసిన. ఎదురు చూస్తనే ఉన్న. ఆయన పోయిండు తాతా, నా చేతులల్లనే ప్రాణం ఇడిసిండు.

గదే వారం ఫోన్ల అవ్వ చెప్పింది, నువ్వు పడ్డవు, భూమన్న కట్టు కట్టిండు అని.

గప్పటిసంది ఏ ముసలాయన మంచం కాడికి పోయినా నువ్వే కనవడ్తున్నవ్. నీకు చెప్తే బుగులు పడుతవని చెప్పలే. అవ్వకు చెప్తే నీకు చెప్తది.

అవ్వ వచ్చినప్పుడు తిట్టుకుంట ఇంకో మాట సుత చెప్పింది. భూమన్న మొదటిరోజే "గీ బొక్క నా చేతిది కాదు, దవాఖానకు తీసుకపోండ్రి" అన్నడట. నువ్వు కాళ్లు మొక్కి బలిమికి కట్టిచ్చుకున్నవట. ఎందుకు తాతా?

నేను రోజు మోకాళ్ల మీద కూసొని "మా తాత చావద్దు, మా తాత చావద్దు" అని అంటున్న. నిన్న నవనీత అన్నది, "నాకు మీ దేవుడు తెల్వదు గని హెప్సీ, నువ్వు దేవునితోని మాట్లాడుతున్నవా, బుగులుకు దండం పెడుతున్నవా?" అని. నిజమే. ఆమేన్ అని లేచినా రంది నా ఒళ్లనే ఉంటున్నది. దించుతలేను.

నువ్వేమో రందంత ప్రభువు మీద ఏసిన అంటున్నవ్. తాతా, నువ్వు ఏసింది ప్రభువు మీద కాదు. నా మీద.

హెప్సిబా


ఖానాపూర్
13 ఫిబ్రవరి 2025

బిడ్డా,

నీ ఆఖరు మాట చదివి ఉత్తరం ఛాతి మీద పెట్టుకొని పండుకున్న. బరువున్నది.

ఎందుకని అడిగినవ్. చెప్త. మీ నానమ్మకు కడుపుల రాళ్లున్నయని కోసిండ్రు. నువ్వు అప్పటికి పుట్టలే. నడుచుకుంట పోయింది లోపటికి. గాజులు తీసి నా చేతుల పెట్టి "పడగొడుతవ్, జేబుల ఏసుకో" అన్నది. తలుపు ఏసిండ్రు. మల్ల తలుపు తీసినప్పుడు మొఖం మీద బట్ట కప్పి ఉన్నది. గా తలుపు నా కండ్ల ముందటికెళ్లి పోలే. నిర్మల్ డాక్టరు ఆపరేషన్ అనంగనే నాకు డాక్టరు కనవడలే, గా తలుపు కనవడ్డది. బుగులు అని చెప్పుకోను సిగ్గయింది. ఊరందరినీ ఎక్కిరిచ్చినోన్ని. బుగులుకు విశ్వాసం అని పేరు పెట్టి మంచంల పండుకున్న. అందరు "తోమాసుకు ఎంత విశ్వాసం" అన్నరు. మెల్లగ నాకు సుత నమ్మకమొచ్చింది.

నిన్న బుధవారం. మల్ల మా ఇంట్లనే ప్రార్థన. విన్నపాలు అడిగిండు పాస్టరయ్య. చెయ్యి లేపిన. కొమురవ్వ చెవులు నిక్కపొడిచింది.

"పోయినసారి నేను చెప్పిన పిల్ల నా మనుమరాలే. ఆమెకు ఏ పోరడు లేడు. దవాఖానల ఒక ముసలాయన ఆమె చేతులల్ల పోయిండు, గా రంది. ఇంకో విన్నపం ఉన్నది, ఇది పేరు చెప్పి చెప్త. తోమాసుకు ఆపరేషనంటే మస్తు బుగులు. సావంటే బుగులు. గిన్నిదినాలు అబద్ధం ఆడిండు. ఆయన కోసం ప్రార్థన చేయిండ్రి."

ఎవడో పోరడు కిసుక్కున నవ్విండు, పరాచికం అనుకున్నడు. నేను ఏడుస్తున్న అని చూసి ఆపిండు. మీ అవ్వ వచ్చి నా మంచం పట్టె మీద కూసున్నది. పెండ్లై వచ్చినకాడికెళ్లి నా మంచం మీద ఎన్నడూ కూసోలే గామె. "నా బిడ్డను అందరి ముందట గట్ల అడిగిన" అని అన్నది. పాస్టరయ్య ఎప్పుడూ దీపం ఆరిందాక ప్రార్థన చేస్తడు, నిన్న రెండు మాటలే చేసిండు. "ప్రభువా, తోమాసుకు బుగులున్నది. ఆయన ఎంబడి పో." గంతే.

బుగులు పోయిందా అంటే పోలే. ఇప్పుడు సుత అచ్చరాలు వంకరపోతున్నయ్, చూడు. గని బిడ్డా, ఒక్కన్నే మోసుడు పోయింది. గింత మందికి ఎర్కైనంక ఇగ దాచుకునే పని లేదు, గా పనే మస్తు బరువుండె. ఆయన మీద ఏసుడంటే గిదే కావచ్చు. నేను ఇన్నిదినాలు మూట ఇప్పకుండ, లోపట ఏమున్నదో చెప్పకుండ, మోయుమన్న.

వచ్చే వారం కారు మాట్లాడి కరీంనగర్ తెస్తరట. నువ్వు చెప్పిన డాక్టరు కాడికే. గడువు దాటింది, ఏమైతదో తెల్వదు. అయినా వస్త. నా మంచం కాడికి నువ్వు రాలేకపోతే రాకు, నేను తప్పు పట్ట. గని నవనీతతోని సూది పొడిపియ్యకు, గామెకు నా మీద కోపముంటది, నా సిబ్బిని ఏడిపిచ్చిన్నని.

నీ తాత
తోమాసు


కరీంనగర్
17 ఫిబ్రవరి 2025

తాతా,

ఉత్తరం మెట్ల మీద కూసొని చదివిన. చదివినంక మల్ల ప్రార్థన చేసిన. "చావద్దు" అని అడగలే. "నాకు మా తాత కావాలె, నా చేతుల ఏం లేదు, నువ్వు చూసుకో" అన్న. ఆకలైంది తాతా. మెస్సుల అన్నం అయిపోయింది, అటుకులు తిన్న.

తెల్లారి నవనీతతోని డ్యూటీ మార్చుకోలే. వార్డు తలుపు కాడ కాళ్లు ఆగినయ్. "నువ్వు ముందట నడువు ప్రభువా" అన్న, లోపటికి పోయిన. మొదటి మంచం మీద ముసలాయన. బీపీ చూస్తుంటే నా చెయ్యి ఎంత వణికిందంటే, ఆయనే నా చెయ్యి పట్టుకొని "చలి పెడుతుందా బిడ్డా" అని అడిగిండు. మల్ల చూసిన, సరిగ వచ్చింది. బాగైందని చెప్తలేను. మూడు మంచాలు చూసి బయటికొచ్చి నీళ్లు తాగి మల్ల పోయిన.

డాక్టరుకు నీ సంగతి చెప్పిన. గ్యారంటీ ఇయ్యలే. గుండె చూడాలె, దగ్గు చూడాలె, ఆలస్యమైంది అన్నడు. "చేద్దాం" అన్నడు. నీకు దాచుడు ఇష్టం లేక రాస్తున్న.

అవ్వ వార్డెనమ్మతోని మాట్లాడి, మాఫీ అడిగిందట. ఫోన్ మల్ల ఇస్తమన్నరు. గేటు మాత్రం గేటే. ఇచ్చోడ తిమోతికి అసలు ఈ ముచ్చటే తెల్వదట, కొమురవ్వ ఒక్కతే మాట్లాడుకున్నదట.

రా తాతా.

నీ సిబ్బి


కరీంనగర్, దవాఖాన
మగోళ్ల వార్డు
26 ఫిబ్రవరి 2025

సిబ్బీ,

నేను కింది అంతస్తుల, నువ్వు మీది అంతస్తుల ఆడోళ్ల వార్డుల. ఈ ఉత్తరానికి పోస్టు బిళ్ల లేదు, ఊడ్చే అక్క పట్టుకొస్తున్నది. పోస్టాయన కంటె జల్ది ఇస్తదట.

సోమవారం నిన్ను డ్యూటీ మీదికెళ్లి ఇడువలే, ఆపరేషన్ తలుపు కాడ ఏం జరిగిందో మీ అవ్వ నీకు చెప్పి ఉండది, సిగ్గు. నేను చెప్త. నోట్ల పండ్ల సెట్టు తీసిండ్రు, అంగీ తీసిండ్రు, ఎనుక కట్టుకునే పచ్చ గౌను తొడిగిండ్రు. నన్ను చూస్తే నాకే నవ్వొచ్చింది. చక్రాల బండి మీద పండబెట్టి నూకుకుంట తీసుకపోతుంటే గా తలుపు వచ్చింది. నేను బండి పక్క కడ్డీ పట్టుకున్న. "ఆపు" అన్న. గా పిలగాడు ఆపిండు. "ఎన్కకు తిప్పు" అన్న. నిజంగనే అన్న బిడ్డా, పరాచికం కాదు. బుధవారం ఏడ్చి చేసిన ప్రార్థన యాడ పోయిందో.

మీ అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. పాట ఎత్తుకున్నది. నీకు ఎర్కనే కదా మీ అవ్వ గొంతు. గుడిల ఆమె పాడితే ముందు వరుసోళ్లు దగ్గుతరు. అక్కడ డాక్టర్లు, నర్సులు, అందరు ఆగి చూస్తున్నరు, గామె కండ్లు మూసుకొని రాగం లేకుండ పాడుతున్నది, కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయ్. గింత సిగ్గుల సుత నా చెయ్యి ఇడువలే. నేను గా పిలగానితోని, "పద నాయనా, గీ పాట ఇనుడు కంటె లోపటికి పోవుడే నయం" అన్న. మీ అవ్వ ఏడుసుకుంట నవ్వింది. తలుపు తీసిండ్రు. బుగులు నా ఎంబడే లోపటికొచ్చింది, ఇంకొకాయన సుత వచ్చిండు. ముగ్గురం పోయినం.

ఇయ్యాల్ల పొద్దుగాల ఇనుప కడ్డీల చట్రం తెచ్చి పట్టుకొని లేవుమన్నరు. లేచిన. కాళ్లు దూడ లెక్క వణికినయ్. కిటికీలకెళ్లి రోడ్డు కనవడ్డది, ఒక ఆటో, అరటిపండ్ల బండి. గోడ కానిది ఏదైనా ఎంత బాగుంటదో. అడుగు ఏయలే, మంచం మీదనే కూలవడ్డ. రేపు ఏయాలెనట. దగ్గు తగ్గలే, డాక్టరు ఇంక చూడాలె అంటుండు. చూడనియ్.

పగటీలి, అన్నం యాళ్ల దాటినంక, నీ డ్యూటీ ఈ వార్డులకు మారుతదని ఊడ్చే అక్క చెప్పింది. వచ్చి ఉరుక్కుంట నా కాడికి రాకు. నా పక్క మంచం మీద లక్ష్మణ్ అని ఒకాయన ఉన్నడు. ఉట్నూర్ దిక్కు, సగం తెలుగు సగం మరాఠి మాట్లాడుతడు. రేపు ఆపరేషన్ అని చెప్పినకాడికెళ్లి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఎంబడి ఎవరు లేరు. నాకున్న పరాచికాలన్ని అయిపోయినయ్, ఇటు తిరుగుతలేడు. నాకెర్క గట్ల ఎందుకు పండుకుంటరో.

నువ్వు ముందుగాల గాయన కాడికి పో బిడ్డా. కుర్చీ ఏసుకొని జర సేపు కూసో. నేను యాడికి పోత, ఈడనే ఉంట.

నీ తాత
తోమాసు